మాయాబజార్ (1957) హోం వీడియో ప్రతులు: పాఠాంతరాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక కావ్యంపై పరిశోధన చేసేవారు ఏ ముద్రణను ఆధారంగా స్వీకరించారో ముందుగా పేర్కొనడం తెలుగు సాహిత్య పరిశోధనలో స్థిరపడిన సంప్రదాయం. చలనచిత్రాలపై జరిగే పరిశోధనలో ఈ సంప్రదాయం ఇంకా వేళ్లూనుకోలేదు. విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్' వీడియో క్యాసెట్, వీసీడీ, డీవీడీ, రంగుల పాఠం, అంతర్జాల ప్రతి అనే వేర్వేరు రూపాలలో ఇళ్లకు చేరింది. ఈ ప్రతుల మధ్య గల భేదాలను పాఠపరిష్కరణ శాస్త్ర పరిభాషతో వర్గీకరించడం, 2010 నాటి రంగుల పాఠంలో వచ్చిన మార్పులలో పద్యాల తొలగింపు చిత్రార్థాన్ని ఎట్లా ప్రభావితం చేస్తుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాయాబజార్, హోం వీడియో, పాఠాంతరం, గ్రంథపాతం, చట్రం, రంగుల పాఠం, పద్యం, కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు.

1. ప్రవేశిక:

కె.వి. రెడ్డి దర్శకత్వంలో నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం ఈ చిత్రానికి మూలస్తంభాలు. తెలుగు శాఖలలో సినిమా సాహిత్యంపై పరిశోధన మొదలైన నాటి నుంచి ఈ చిత్రం ప్రస్తావన లేని సందర్భం అరుదు. మాటల ప్రయోగం, హాస్యం, పౌరాణికానికి ఇచ్చిన సాంఘిక స్పర్శ మొదలైన అంశాలపై చర్చ విస్తారంగా సాగింది. అయితే ఆ చర్చకు ఆధారమైన ప్రతి ఏది అన్న ప్రశ్న మాత్రం వెనుకబడింది.

ఈ ప్రశ్న నేడు ముఖ్యం కావడానికి కారణం ఉంది. 1957లో ప్రేక్షకుడు చూసింది థియేటరు తెరపై పడిన ఫిల్ము ప్రతిని. నేడు మంచిర్యాల వంటి పట్టణంలో డిగ్రీ చదివే విద్యార్థికి 'మాయాబజార్' అంటే చేతిలోని ఫోను తెరపై కనిపించేదే. అతనికి అది నలుపు తెలుపులలో దొరకవచ్చు, రంగులలో దొరకవచ్చు. పూర్తిగా దొరకవచ్చు, పాటల ముక్కలుగా దొరకవచ్చు. పేరు మాత్రం అన్నింటికీ ఒకటే. ఒకే పేరు కింద ఉన్న భిన్న పాఠాలను ఒకే రచనగా భావించి చేసిన నిర్ణయాలు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించవలసి ఉంది.

2. చలనచిత్రానికి పాఠభేదం: ఒక బ్రిటిష్ ఉదాహరణ

తాళపత్ర ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధపాఠాన్ని నిర్ణయించే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులు రాయించి సరిచూపించిన నాటి నుంచి ఈ కృషి కొనసాగుతున్నది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణ ఈ శాస్త్రానికి భారతదేశంలో ఉన్న గొప్ప నిదర్శనం. ముద్రణ యుగంలో పుట్టిన రచనకు, యంత్రం నుంచి వెలువడిన చలనచిత్రానికి ఈ శాస్త్రంతో పని లేదని అనిపించవచ్చు. అది నిజం కాదు.

బ్రిటిష్ థ్రిల్లర్ చిత్రాలలో ప్రసిద్ధమైన 'ది థర్డ్ మ్యాన్' (1949) ఇందుకు తగిన ఉదాహరణ. కరోల్ రీడ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం బ్రిటన్‌లో 104 నిమిషాల నిడివితో విడుదలైంది. అమెరికా విడుదల కోసం అక్కడి నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ దాదాపు 11 నిమిషాలు తగ్గించాడు. అంతకన్నా ముఖ్యమైన మార్పు ప్రారంభంలో జరిగింది. బ్రిటిష్ పాఠంలో యుద్ధానంతర వియన్నా నగరాన్ని పరిచయం చేసే గొంతు దర్శకుడిది. ఆ వ్యాఖ్యాత పేరు లేని నల్లబజారు వ్యాపారిలా, ఆ ఊరి గుట్టు తెలిసినవాడిలా మాట్లాడతాడు. అమెరికా పాఠంలో అదే చోట కథానాయకుడి పాత్రధారి జోసెఫ్ కాటన్ గొంతు వినిపిస్తుంది.

కథనశాస్త్ర దృష్టితో చూస్తే ఇది చిన్న మార్పు కాదు. మొదటి పాఠంలో కథ చెప్పేవాడు కథకు వెలుపల ఉండి అందరినీ వ్యంగ్యంగా చూసేవాడు. రెండవ పాఠంలో కథ చెప్పేవాడు కథలోనే ఉన్న అమాయకుడు. 'ది థర్డ్ మ్యాన్'లో వ్యాఖ్యాత స్వభావంపై వ్యాసం రాసే విమర్శకుడు ఏ ప్రతిని చూశాడో చెప్పకపోతే ఆ వ్యాసానికి ఆధారమే ఉండదు. 1999లో క్రైటీరియన్ సంస్థ ప్రచురించిన డీవీడీ బ్రిటిష్ పాఠాన్ని ప్రధానంగా ఇచ్చి, అమెరికా ప్రారంభాన్ని అనుబంధంగా చేర్చింది. ఒక మంచి సంపాదకుడు పాఠాంతరాన్ని అధోజ్ఞాపికలో చూపించే పద్ధతి ఇదే. హోం వీడియో సంస్థ ఇక్కడ వ్యాపారితో పాటు పరిష్కర్త పాత్రను కూడా నిర్వహించింది. తెలుగు చిత్రాల విషయంలో లోపించింది ఈ పరిష్కర్త పాత్రే.

3. మాధ్యమం వల్ల కలిగిన భేదాలు

లేఖకుడు ఉద్దేశపూర్వకంగా చేసిన మార్పు వేరు, అతని చేతిలో తెలియకుండా దొర్లిన దోషం వేరు. హోం వీడియో ప్రతులలోనూ ఈ రెండింటినీ విడదీసి చూడాలి. మాధ్యమ స్వభావం వల్ల అనివార్యంగా వచ్చే భేదాలు రెండవ కోవకు చెందుతాయి.

మొదటిది వేగం. ఫిల్ము సెకనుకు 24 చట్రాల వేగంతో నడుస్తుంది. భారతదేశంలో వాడుకలో ఉన్న పాల్ టెలివిజన్ పద్ధతి సెకనుకు 25 చట్రాలు కోరుతుంది. ఈ రెండింటినీ పొసగించడానికి సాధారణంగా ఫిల్మునే కొంచెం వేగంగా నడుపుతారు. ఫలితంగా మూడు గంటల చిత్రం దాదాపు ఏడు నిమిషాలు తగ్గుతుంది. ఒక్క చట్రం కూడా తొలగించకుండానే నిడివి మారుతుంది. అమెరికాలోని తెలుగువారి కోసం అక్కడి ఎన్టీఎస్సీ పద్ధతిలో తయారైన డీవీడీలో ఈ తగ్గుదల ఉండదు. కాబట్టి రెండు ప్రతుల అట్టలపై ఉన్న నిమిషాల సంఖ్యను పోల్చి, తక్కువ నిడివి గల దానిలో కోతలు ఉన్నాయని నిర్ధారించడం తప్పు.

వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. ప్రత్యేకంగా సరిదిద్దని పక్షంలో ఆ పెరుగుదల హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరంలో పదింట ఏడు వంతుల మేరకు ఉంటుంది. ఘంటసాల, మాధవపెద్ది సత్యం గాత్రాల స్థాయిని గురించి, పద్యపఠనంలోని కాలప్రమాణాన్ని గురించి పరిశీలించేవారు ఇటువంటి ప్రతిని ఆధారం చేసుకుంటే, గాయకుడిది కాని గుణాన్ని గాయకుడికి ఆపాదించే ప్రమాదం ఉంది.

రెండవది స్పష్టత. వీసీడీలో ఒక చట్రం అడ్డం 352, నిలువు 288 బిందువులుగా నమోదవుతుంది. డీవీడీలో అది 720, 576. అంటే డీవీడీ చట్రంలో నాలుగు రెట్లకు పైగా సమాచారం ఉంటుంది. వీసీడీలో దత్తాంశాన్ని బాగా కుదించడం వల్ల చీకటి ప్రాంతాలలోని సన్నని ఛాయాభేదాలు చెరిగిపోయి చదరపు మచ్చలుగా కనిపిస్తాయి. 'లాహిరి లాహిరి లాహిరిలో' పాటలోని వెన్నెల బార్‌ట్లే ప్రతిభకు ప్రమాణంగా చెప్పబడుతున్నది. తెలుపు, నలుపుల మధ్య ఉన్న అనేక బూడిద ఛాయల క్రమపరిణామమే ఆ వెన్నెల. వీసీడీ ముందుగా పోగొట్టేది సరిగ్గా ఆ ఛాయలనే. ఆ ప్రతిని మాత్రమే చూసినవారికి బార్‌ట్లే వెన్నెల పుస్తకాలలో చదివిన ప్రశంసగా మిగులుతుంది.

మూడవది విభజన. ఒక వీసీడీలో సుమారు 74 నుంచి 80 నిమిషాల చిత్రం మాత్రమే పడుతుంది. మూడు గంటలు దాటిన 'మాయాబజార్' మూడు డిస్కులు కావలసిన చిత్రం. దర్శకుడు ఏర్పరచిన విశ్రాంతికి తోడు, డిస్కు మార్చడం కోసం కొత్త విరామాలు వచ్చి చేరాయి. సన్నివేశాల నిడివిని చిత్రీకరణకు ముందే గడియారం పట్టి లెక్కగట్టే దర్శకుడని పేరు పొందిన కె.వి. రెడ్డి చిత్రంలో ఈ విరామాలు పైనుంచి వచ్చిపడినవి.

తెలుగు హోం వీడియో ప్రతులలో సాధారణంగా కనిపించే మరో రెండు లక్షణాలను కూడా ఇక్కడ పేర్కొనాలి. తెర మూలన నిలిచి ఉండే కంపెనీ ముద్ర, నడుమ చేరిన ప్రకటనలు ప్రక్షిప్తాలు. అరిగిన ఫిల్ములో ఊడిపోయిన చట్రాలు, తెగి అతికినప్పుడు మాయమైన మాటలు గ్రంథపాతాలు. తాళపత్రానికి పట్టిన చెద ఇక్కడ రీలుకు పట్టింది.

ఈ భేదాలన్నీ ప్రతులను తక్కువ చేయడానికి చెప్పినవి కావు. బొగ్గుగనుల ప్రాంతపు కాలనీలలో ఒక రాత్రికి వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని చూసిన కుటుంబాలకు ఆ మసక క్యాసెట్టే 'మాయాబజార్'ను తిరిగి ఇచ్చింది. ఆదరణ చరిత్రలో ఆ ప్రతి విలువ తగ్గదు. చిత్రశిల్పాన్ని నిర్ణయించడానికి మాత్రం అది తగిన ఆధారం కాదు.

4. 2010 పాఠం: రంగు

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ 'మాయాబజార్'కు డిజిటల్ పద్ధతిలో రంగులద్ది 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేసింది. తరువాత టెలివిజన్‌లోనూ, ఇళ్లలోని తెరలపైనా ఎక్కువగా కనిపించసాగింది ఈ పాఠమే. దీనిలో ఉద్దేశపూర్వకంగా చేసిన మార్పులు నాలుగు: రంగు, ధ్వని, చట్రం, నిడివి. చర్చ అంతా మొదటి దాని చుట్టూ తిరిగింది.

రంగులద్దే ప్రక్రియలో ఫిల్ములోని వెలుగునీడల స్థాయి చాలావరకు నిలుస్తుంది. దానిపై వర్ణం చేరుతుంది. అందువల్ల రంగు ఒక వ్యాఖ్యానం వంటిది. శశిరేఖ చీర ఫలానా రంగు అని చెప్పే అధికారం 1957 నాటి ఫిల్ముకు లేదు. నలుపు తెలుపు చిత్రాలలో దుస్తులను, అలంకరణను ఎంచుకునేది అవి బూడిద ఛాయలో ఎట్లా కనిపిస్తాయన్న లెక్కతో. కె.వి. రెడ్డి 1972లోనే మరణించారు. కాబట్టి 2010 నాటి వర్ణనిర్ణయాలకు దర్శకుని అనుమతి ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

2004లో రంగులలో వచ్చిన 'మొఘల్-ఎ-ఆజమ్' (1960)తో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. ఆ చిత్రంలోని కొన్ని భాగాలను దర్శకుడు కె. ఆసిఫ్ తానే రంగులలో చిత్రీకరించారు. మిగిలిన భాగానికి రంగులద్దినవారికి దర్శకుని ఆకాంక్ష అనే ఆధారం, ఆయన వాడిన వర్ణాలు అనే నమూనా రెండూ ఉన్నాయి. పూర్తిగా నలుపు తెలుపులలోనే రూపొందిన 'మాయాబజార్'లో అటువంటి నమూనా లేదు.

అయినా రంగును మాత్రమే పట్టుకుని 2010 పాఠాన్ని తిరస్కరించడం తొందరపాటు. శుభ్రపరచిన చిత్రం, డీటీఎస్ పద్ధతికి మార్చిన ధ్వని కొత్త తరాన్ని థియేటరుకు రప్పించాయి. పైగా రంగు తిరిగి తీసివేయగలిగినది. టెలివిజన్‌లో వర్ణస్థాయిని సున్నాకు తగ్గిస్తే 1957 చిత్రానికి దగ్గరగా ఉన్న రూపం కనిపిస్తుంది. తిరిగి పొందలేని నష్టం చట్రంలోనూ, తొలగింపులలోనూ ఉంది.

5. చట్రం

1957 నాటి సాధారణ 35 మిల్లీమీటర్ల ఫిల్ములో చట్రం వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37:1. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో గాని రాలేదు. బార్‌ట్లే కూర్చిన ప్రతి దృశ్యమూ దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉన్న చట్రానికి కొలిచి కూర్చినది. 2010 పాఠాన్ని విశాలమైన తెరకు అనువుగా మార్చారు.

ఈ మార్పుకు గణితం కఠినమైనది. బొమ్మను సాగదీయకుండా 1.37:1 చట్రాన్ని 2.35:1 నిష్పత్తిగల స్కోప్ తెరకు నింపాలంటే ఎత్తులో దాదాపు 42 శాతం వదులుకోవాలి. నేటి ఇళ్లలోని 16:9 టెలివిజన్‌కు నింపాలన్నా 23 శాతం పోతుంది. పోయేది తలపైన ఉన్న ఆకాశం, పాదాల కింద ఉన్న నేల.

ఈ రెండూ 'మాయాబజార్'లో అలంకారాలు కావు. ఘటోత్కచుని పాత్ర చిత్రణ అంతా ఎత్తు మీద ఆధారపడి ఉంది. 'వివాహభోజనంబు' సన్నివేశంలో అతను శరీరాన్ని పెంచి విందారగించేటప్పుడు, పెరుగుదలను కొలవడానికి పైన ఖాళీ, కింద పళ్లాలు రెండూ ఒకే చట్రంలో ఉండాలి. 'అహ నా పెళ్లంట' పాటలో సావిత్రి ఆడపిల్ల ఒయ్యారాన్ని, లోపల ఉన్న రాక్షసుని ధాటిని ఒకే దేహంలో చూపింది. ఆ అభినయం ముఖంలో ఎంత ఉందో నడకలో, నిలుచున్న తీరులో అంత ఉంది. నడుము దగ్గర తెగిన చట్రంలో అభినయం సగమే మిగులుతుంది. ఈ నష్టాన్ని వీసీడీ కలిగించలేదు. మసకగా అయినా చట్రాన్ని పూర్తిగా ఇచ్చిన పాత ప్రతి ఈ ఒక్క విషయంలో స్పష్టమైన కొత్త ప్రతికన్నా ప్రామాణికం. ప్రతి స్పష్టత వేరు, ప్రతి ప్రామాణికత వేరు అన్న సూత్రం ఇక్కడ నిరూపితమవుతుంది.

6. తొలగింపులు: పద్యం ప్రశ్న

2010 పాఠంలో నిడివిని తగ్గించడానికి కొన్ని పాటలను, పద్యాలలో అధికభాగాన్ని తీసివేశారు. దీని వెనుక ఉన్న తర్కాన్ని ఊహించడం కష్టం కాదు. పద్యం వచ్చినప్పుడు కథ ఆగుతుంది. కథ ఆగే చోట కత్తెర వేస్తే కథకు లోటు ఉండదు. ఈ తర్కం పైకి సబబుగానే కనిపిస్తుంది. చిత్ర నిర్మాణాన్ని పరిశీలిస్తే మాత్రం అది నిలవదు.

'మాయాబజార్' ఇతివృత్తం వ్యాసభారతంలో లేదు. అది జానపద, రంగస్థల సంప్రదాయాలలో 'శశిరేఖా పరిణయం'గా పెరిగిన కథ. 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో అదే పేరుతో చిత్రం వచ్చింది. సురభి నాటక సమాజాల ప్రదర్శనలలో 'మాయాబజార్' నేటికీ ప్రసిద్ధం. అంటే ఈ కథకు మాతృక గ్రంథం కాదు, రంగస్థలం. హార్మోనియం శ్రుతిలో సాగే పద్యం ఆ రంగస్థలానికి ప్రాణం. కె.వి. రెడ్డి చిత్రంలోని పద్యాలు తన పుట్టింటితో ఈ కథ నిలుపుకున్న సంబంధానికి గుర్తులు.

పద్యం నిర్వహించే పని అంతకన్నా లోతైనది. ఈ చిత్రంలో పింగళి హాస్యం ప్రధానంగా భాషాస్థాయుల మధ్య ఘర్షణ నుంచి పుడుతుంది. ఘటోత్కచుని పరివారం నోట 'దుష్టచతుష్టయం' కాస్తా 'దుషట చతుషటయం' అవుతుంది. 'అస్మదీయులు' అన్న సంస్కృత పదానికి ఎదురుగా 'తసమదీయులు' పుడుతుంది. 'గిల్పం', 'గింబళి' వంటి కల్పిత పదాలు వస్తువులకు పేర్లవుతాయి. శర్మ, శాస్త్రుల పాండిత్యప్రదర్శన మరో వైపు నుంచి ఇదే ఆటను ఆడుతుంది. ఈ వికృతులు నవ్వు పుట్టించాలంటే ప్రకృతి ఏదో ప్రేక్షకుని చెవిలో ఉండాలి. సంయుక్తాక్షరాలు, దీర్ఘసమాసాలు తడబాటు లేకుండా పలికే భాష ఒకటి చిత్రంలోనే వినిపించాలి. ఆ పని పద్యానిది.

ఘటోత్కచుడు ఇందుకు కేంద్రం. ఎస్.వి. రంగారావు దేహం, మాధవపెద్ది సత్యం గాత్రం కలిసి పలికిన పద్యాలలో అతను ప్రౌఢమైన సమాసభాషకు అధికారి. ఆ వెంటనే తన అనుచరుల విరిగిన సంస్కృతాన్ని ఆనందంగా స్వీకరించి, కొత్త మాటలు పుట్టించే హక్కును వారికి ఇచ్చేవాడూ అతనే. పద్యం చదవగలిగినవాడు కాబట్టి ఆ ఔదార్యానికి విలువ ఉంది. పద్యాన్ని తీసివేస్తే అతను తన పరివారంలో ఒకడవుతాడు. అప్పుడు ఆ హాస్యం నాగరికులు అనాగరికులను చూసి నవ్వే నవ్వుగా దిగజారుతుంది. మూలంలో అది భాష తెలిసినవాడు భాషకు స్వేచ్ఛనివ్వడం. ఈ భేదం 'మాయాబజార్' భాషాదృక్పథంపై జరిగే ఏ చర్చకైనా కీలకం. 2010 పాఠాన్ని మాత్రమే చూసిన పరిశోధకునికి ఈ వాదానికి సగం సాక్ష్యం అందదు.

పద్యాన్ని పక్కన పెట్టే ధోరణి 2010లోనే మొదలు కాలేదు. తెలుగు చిత్రాల డీవీడీలలో సాధారణంగా పాటలకు వేరే పట్టిక ఉంటుంది, పద్యాలకు ఉండదు. ఉపశీర్షికలు సంభాషణను అనువదించి గేయభాగాన్ని వదిలివేయడం తరచు కనిపిస్తుంది. అంతర్జాలంలో పాటలు విడి ముక్కలుగా లక్షల మందికి చేరతాయి. పద్యాలకు ఆ విడి అస్తిత్వం తక్కువ. పట్టికలో చోటు దొరకనిది, తరువాతి పాఠంలో తెరపై కూడా చోటు కోల్పోయింది.

7. పరిశోధకులు పాటించదగిన పద్ధతి

చిత్రం కోసం ఎత్తిన ప్రియదర్శిని పేటికలో ఎవరికి ఇష్టమైనది వారికి కనిపిస్తుంది. బలరామునికి దుర్యోధనుడు, రేవతికి మణులు, శశిరేఖకు అభిమన్యుడు. చేతికి అందిన ప్రతిని మూలంగా భావించే పరిశోధకుడు ఆ పేటికను తెరిచినవాడే. ఈ స్థితిని నివారించడానికి కింది నియమాలు ఉపకరిస్తాయి.

మొదటిది, చిత్రనామం పక్కన 1957 అని రాసినంత మాత్రాన చాలదు. చూసిన ప్రతి రూపం, చట్రం నిష్పత్తి, నిడివి, టెలివిజన్ పద్ధతి పేర్కొనాలి. రెండవది, తొలగింపులు ఉన్నాయని చెప్పేముందు వేగభేదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మూడవది, పాటలు, పద్యాలు, సన్నివేశాల వరుసను పట్టికగా రాసుకుని కనీసం రెండు ప్రతులతో సరిచూడాలి. నాల్గవది, 1957 ఏప్రిల్‌లో విడుదలైన తమిళ 'మాయాబజార్'ను తెలుగు చిత్రానికి నకలుగా చూడరాదు. అందులో అభిమన్యునిగా జెమినీ గణేశన్, శకునిగా ఎం.ఎన్. నంబియార్, లక్ష్మణకుమారునిగా కె.ఎ. తంగవేలు నటించారు. సావిత్రి, ఎస్.వి. రంగారావు రెండింటిలోనూ ఉన్నా అది సోదర పాఠం, ప్రత్యేకంగా పరిశీలించదగినది.

తరగతి గదిలోనూ ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. ఒకే సన్నివేశాన్ని రెండు ప్రతులలో చూపి భేదాలు రాయించడం పాఠపరిష్కరణను బోధించడానికి సులభమైన మార్గం. తాళపత్రం చూడని విద్యార్థికి గ్రంథపాతం అంటే ఏమిటో అర్థమవుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• 'మాయాబజార్' హోం వీడియో ప్రతులలోని భేదాలు రెండు విధాలు. వేగం, స్పష్టత, విభజన మాధ్యమం వల్ల వచ్చినవి. రంగు, ధ్వని, చట్రం, నిడివి ఉద్దేశపూర్వకంగా చేసినవి.

• నిమిషాల సంఖ్యలోని భేదం ఒక్కటే కోతకు సాక్ష్యం కాదు.

• 2010 రంగుల పాఠం పునరుద్ధరణ కాదు, రూపాంతరం. ఆ పేరుతో, ఆ సంవత్సరంతోనే దానిని ఉదాహరించాలి.

• ఆ పాఠంలో రంగుకన్నా చట్రం మార్పు, పద్యాల తొలగింపు చిత్రార్థాన్ని ఎక్కువగా ప్రభావితం చేశాయి. పద్యం లేనప్పుడు పింగళి హాస్యానికి ఉన్న ప్రమాణభాష లోపిస్తుంది.

• పాత ప్రతులు మసకగా ఉన్నా, తీసివేసిన భాగాలకు, పూర్తి చట్రానికి అవి సాక్ష్యాలు. గ్రంథాలయాలు, తెలుగు శాఖలు తమ వద్ద ఉన్న క్యాసెట్లను, డిస్కులను పనికిరానివిగా పారవేయకుండా భద్రపరచడం అవసరం.

1.37:1 చట్రంలో, పద్యాలన్నింటితో, నలుపు తెలుపులలో పాఠాంతరాల వివరణ సహితంగా 'మాయాబజార్' సంశోధిత ప్రతి వెలువడవలసి ఉంది. ఒక కావ్యానికి మంచి పీఠికతో కూడిన ముద్రణ ఎంత అవసరమో, ఈ చిత్రానికి అటువంటి ప్రతి అంత అవసరం. అది వచ్చేవరకు ఉన్న ప్రతులను సరిపోల్చి చదవడమే పరిశోధకులకు మార్గం.